ఇంట్లో చేసే స్కీలకు ఎపాక్సీ ఎలా ఎంచుకోవాలి: బెంగళూరు షెడ్డు నుంచి

కావడి మోసే మనిషి నడుస్తుంటే బద్ద రెండు కొసలూ అడుగడుగుకీ కిందికి వంగి పైకి లేస్తాయి. బద్ద వంగకపోతే భుజం ఒరుసుకుపోతుంది, మరీ మెత్తదైతే కుండ నేలకు తగులుతుంది. మంచు మీద జారడానికి కాళ్లకు బిగించుకునే స్కీ చేసే పని కూడా అదే. మనిషి బరువుకు వంగాలి, బరువు తీయగానే పాత ఒంపుకు రావాలి. అదీ ఒక్క పూటలో వేలసార్లు, గడ్డకట్టే చలిలో. కావడి బద్ద ఒకే వెదురు. మనం చేసే స్కీ మాత్రం ఏడెనిమిది వేర్వేరు వస్తువులు పేర్చి ఎపాక్సీతో (రెజిన్‌లో హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు) కలిపిన పొరల కట్ట. అది విడిపోకుండా ఉండాలంటే కొయ్య కంటే, గాజు బట్ట (ఫైబర్‌గ్లాస్) కంటే ముందు ఎపాక్సీ సరైనది కావాలి.

నా మొదటి జత కశ్మీర్ గుల్మార్గ్‌లో మూడో రోజు పొద్దున విచ్చుకుంది. ముందు కొన దగ్గర పై పొర వేలెడు మేర లేచింది. వేలు పెట్టి చూస్తే లోపల గాజు పీచు పొడిగా, తెల్లగా ఉంది. ఎపాక్సీ పలకలా పగిలి రెండు వైపులా నున్నగా మెరుస్తోంది. దాన్ని కొన్నరోజు నాకింకా గుర్తుంది. పీణ్యా వైపు ఒక దుకాణంలో "బాగా గట్టిగా ఉండేది ఇవ్వండి" అని అడిగాను. ఆయన హిందూపురం మనిషి. "గట్టిగుండేది కావల్ల అంటిరి గదా సార్, దీన్ని మించింది లేదు" అని తీసిచ్చాడు. ఆయన చెప్పింది నిజమే, అది చాలా గట్టిది. నేను అడగాల్సిన మాటే వేరు. స్కీకి కావాల్సింది గట్టిదనం కాదు, చేవ. వంగినా పగలని గుణం. ఈ తేడా మీకు కొనకముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు పక్కన పెట్టాల్సినవి

ఫైబర్ సామాను దుకాణాల్లో ముందుగా చేతికొచ్చేది పాలియెస్టర్ రెజిన్. చెన్నై కాసిమేడు రేవులో చేపల బోట్లకు, నీళ్ల ట్యాంకులకు వాడేది అదే. చవక, వేగం. కానీ గట్టిపడేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది, చెక్కను ఎపాక్సీలా పట్టుకోదు, వంపులకు తొందరగా చిట్లుతుంది. స్కీకి వద్దు. దాంతోపాటు అమ్మే చాప లాంటి చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ కూడా వద్దు. దాని పీచును పట్టి ఉంచే పదార్థం పాలియెస్టర్‌లోని స్టైరీన్‌లో కరగడానికి పెట్టింది, ఎపాక్సీలో కరగదు. మ్యాట్ బిర్రుగా నిలబడిపోయి మధ్యలో గాలి మిగులుతుంది. మీకు కావాల్సింది నేసిన, లేదా మూడు దిశల్లో పీచు కుట్టిన ట్రయాక్సియల్ గాజు బట్ట. చదరపు మీటరుకు 600 నుంచి 750 గ్రాముల మధ్యది, ఎపాక్సీకి సరిపడే పూత ఉన్నదని అడిగి తీసుకోండి.

రెండోది, బల్లల మీద నదులు పోసే, ఫోటోలూ పూలూ ముంచే ఆర్ట్ రెజిన్. ఆన్‌లైన్‌లో ఎపాక్సీ అని వెతికితే ముందు వరసలో వచ్చేది ఇదే. అద్దంలా కనిపించడానికి, బుడగలు పోవడానికి దాన్ని పలచన చేసి ఉంటారు. అలాంటివి చాలా మట్టుకు వేడి టీ కప్పు పెట్టినా మెత్తబడి మచ్చ పడతాయి. అందానికి మంచిది, బరువు మోయడానికి కాదు.

మూడోది, రెండు ట్యూబుల అంటు. అరాల్డైట్ మన ఇళ్లల్లో తరాలుగా ఉన్న మంచి జిగురే. కానీ పేస్టులా చిక్కగా ఉంటుంది, గాజు బట్టలోకి దిగదు. ఐదు నిమిషాల్లో పట్టేవైతే బట్ట పరిచేలోపే అయిపోతాయి. ఎక్కడైనా చిన్న ముక్క అతకడానికి ట్యూబు దగ్గర పెట్టుకోండి, పొరలకు మాత్రం వాడొద్దు.

ఏది అడగాలి

దుకాణంలో అడగాల్సిన మాట "లామినేటింగ్ ఎపాక్సీ, స్లో హార్డెనర్‌తో". బట్ట పరిచి, తడిపి, పొరలు పేర్చడానికే తయారుచేసినది అని దానర్థం.

మన దేశంలో ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టుల్లో కనిపించే జోడీలు రెండు. ఒకటి అరాల్డైట్ ఎల్‌వై 556తో హెచ్‌వై 951 హార్డెనర్. రెండోది గుజరాత్‌లోని అతుల్ కంపెనీ లాపాక్స్ ఎల్-12తో కె-6. రెండింటినీ బరువులో 100కి 10 చొప్పున కలుపుతారు. కిలో డబ్బాల్లో దొరుకుతాయి కాబట్టి మొదటిసారి చేసేవాళ్ల చేతికి ఇవే వస్తాయి. బలమైనవే. కానీ ఈ చిన్న అణువుల అమీన్ రకం హార్డెనర్లు రెజిన్ అణువులను దగ్గర దగ్గరగా, బిగుతుగా ముడివేస్తాయి. అందుకే ఫలితం పెళుసు వైపు మొగ్గుతుంది. పైగా గట్టిపడే వేగం ఎక్కువ. నేర్చుకోవడానికి, పరీక్ష ముక్కలకు, అచ్చులు చేసుకోవడానికి వాడండి. చలికొండ మీద దూకే స్కీకి నేను వాడను.

నా లెక్కలో ఇక్కడ దొరికేవాటిలో మంచి దారి గాలిమర రెక్కల ఎపాక్సీ. తమిళనాడులో గాలిమరల పని పెద్దది, ఆ రెక్కలూ మన స్కీలాగే రోజంతా వంగుతూ లేస్తూ బతికేవే. వాటికి వాడే రెజిన్లలో పొడవాటి గొలుసులున్న పాలీఈథర్ అమీన్ హార్డెనర్లు ఉంటాయి. ఆ గొలుసు పొడవు వల్లే ముడుల మధ్య కాస్త సందు, కాస్త సాగుడు వస్తుంది. గట్టిపడటం నిదానం, కలిపే పాళ్లు 100కి 30 చుట్టుపక్కల. అసలు సరుకు పీపాల్లో వస్తుంది. బెంగళూరులో డ్రోన్ల బాడీలు, చెన్నైలో బోట్లు, అచ్చులు చేసేవాళ్లను అడిగితే రెండు మూడు కిలోలు విడిగా ఇస్తారు. ఇచ్చేటప్పుడు రెజిన్, హార్డెనర్ రెండింటి పేర్లూ, తయారైన తేదీ రాయించుకోండి. ఒక కంపెనీ రెజిన్‌కు ఇంకో కంపెనీ హార్డెనర్ ఇస్తే వద్దనండి. విదేశాల్లో స్కీల కోసమే కలిపిన ఎపాక్సీలు అమ్ముతారు, వచ్చే చుట్టాలతో తెప్పించుకుందామని అనిపిస్తుంది. హార్డెనర్ తినివేసే రసాయనం కిందికి వస్తుంది, విమానం పెట్టెలో పెట్టకూడదు.

డేటా షీట్‌లో ఏ అంకె చూడాలి

పేరు ఏదైనా డేటా షీట్ (ఆ సరుకు గుణాల అంకెలతో కంపెనీ ఇచ్చే కాగితం) అడగండి. అది ఇవ్వలేని సరుకు కొనకండి.

అందరి కళ్లూ ముందు టెన్సైల్ స్ట్రెంత్ (తెగేలోపు తట్టుకునే లాగుడు) మీదకు పోతాయి. దాన్ని వదిలేసి ఎలాంగేషన్ ఎట్ బ్రేక్ అనే వరస వెతకండి. తెగే ముందు ఎంత శాతం సాగుతుందో చెప్పే అంకె అది. 3 శాతం కంటే తక్కువుంటే ఆ షీటు మూసేయండి. 5 శాతం, ఆపైన ఉంటే మన దారిలో ఉన్నట్టు. మరీ 15, 20 అని ఉంటే అది మెత్తటి రకం, వేడికి నిలబడకపోవచ్చు.

ఎందుకింత సాగుడు? ఒక లెక్క వేసుకుందాం. 10 మిల్లీమీటర్ల మందం స్కీని 1 మీటరు వ్యాసార్థంలో గట్టిగా వంచితే పై పొర సాగేది మందంలో సగాన్ని వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేంత. 5 భాగించు 1,000, అంటే అర శాతం. అర శాతానికి 5 శాతం ఎందుకని మీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. సంగతేమిటంటే గాజు పీచు సాగనివ్వదు. ఎపాక్సీ కంటే గాజు ఇరవై రెట్లకు పైగా బిర్రు. అడ్డంగా, ఐమూలగా ఉన్న పీచు మీద లాగుడు పడినప్పుడు ఆ పీచు కదలదు. రెండు పీచుల మధ్య ఇరుక్కున్న సన్నటి ఎపాక్సీ గీతే మొత్తం సాగుడునూ మోయాలి. అక్కడ అర శాతం కాస్తా కొన్ని రెట్లవుతుంది. దానికి చలి తోడైతే సాగే గుణం ఇంకా తగ్గుతుంది. షీటులో రాసింది 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె. గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. పొద్దున్నే గొండోలా (తీగ మీద నడిచే పెట్టె) ఎక్కి పైకి పోతే సున్నాకు పది డిగ్రీలు కింద ఉండటం మామూలు. అందుకే చేతిలో సాగుడు మిగులు ఉండాలి.

తర్వాత చూడాల్సింది గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత, షీట్లలో టీజీ అని ఉంటుంది. ఆ వేడి దాటితే ఎపాక్సీ బిర్రుతనం పోయి మెత్తబడుతుంది. మంచు మీద తిరిగేదానికి వేడి గొడవ ఎందుకనుకోకండి. ఈ స్కీ ఏడాదిలో యాభై వారాలు ఉండేది మన ఊళ్లో. చెన్నైలో మే నెల ఎండలో మూసి నిలిపిన కారులో నల్లటి టాప్‌షీట్ (స్కీ పై పొర) 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. మైనం పట్టించడానికి అడుగున వేడి ఇస్త్రీపెట్టె కూడా పెడతాం. టీజీ 70 దాటి ఉన్నది తీసుకోండి. అయితే షీటులో రాసిన టీజీ వేడిలో పూర్తిగా పండించాక, అంటే వేడిచ్చి పూర్తిగా గట్టిపరచాక వచ్చేది. గది వేడిలోనే వదిలేస్తే అంత రాదు. ఆ సంగతి కింద చెప్తాను.

చిక్కదనం గురించి: ఎల్‌వై 556 లాంటి మూల రెజిన్ ఒక్కటే అయితే 25 డిగ్రీల దగ్గర 10,000 నుంచి 12,000 సెంటీపాయిజ్, అంటే ముదురు తేనె. అంత చిక్కనిది గాజు బట్టలోకి దిగాలంటే గంట పడుతుంది. కలిపాక ఆముదంలా ఉండేది మనకు సరి, అంటే 500 నుంచి 1,000 మధ్య. నీళ్లలా పలచగా ఉంటే పొరలను నొక్కి ఉంచే ప్రెస్‌లో పెట్టగానే అంచుల్లోంచి కారిపోయి బట్ట ఎండిపోతుంది. చిక్కగా ఉంది కదా అని అసిటోన్ కలపకండి. అది లోపల చిక్కుకుని మెత్తదనంగా మిగిలిపోతుంది. చిక్కదనం తగ్గించాలంటే రెజిన్ డబ్బాను 35, 40 డిగ్రీల నీళ్లలో కాసేపు ఉంచండి, చాలు. కలిపాక టైం మాత్రం తగ్గుతుంది.

మీ గదిలో ఎంత టైం ఇస్తుంది

బెంగళూరు, చెన్నై వాళ్లకు ముఖ్యమైన అంకె ఇది. పాట్ లైఫ్ అంటే కలిపిన దగ్గర్నుంచి వాడుకోదగ్గ సమయం. షీటులో రాసేది ఎక్కువగా 25 డిగ్రీల దగ్గర 100 గ్రాములకు. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ టైం దాదాపు సగమవుతుందని గుర్తుంచుకోండి. 40 నిమిషాలని రాసినది 35 డిగ్రీల చెన్నై మధ్యాహ్నంలో 20 నిమిషాలు. ఒక్క స్కీ పేర్చడానికే నాకు 40 నిమిషాలు పడుతుంది. బేస్ (అడుగు షీటు), స్టీలు అంచులు, రబ్బరు పట్టీ, గాజు, కోర్ (మధ్య కొయ్య), గాజు, టాప్‌షీట్, ప్రతి పొరా తడవాలి. కాబట్టి షీటులో గంటన్నర ఉన్నది చూడండి, రెండు గంటలైతే ఇంకా మంచిది.

అరిసెల పాకం పట్టినవాళ్లకు ఇది వివరంగా చెప్పక్కర్లేదు. తీగ పాకం అనుకుంటుండగానే ఉండ పాకం అయిపోతుంది, దించడం రెండు నిమిషాలు ఆలస్యమైతే పిండి కలవదు. ఎపాక్సీ ఇంకా మొండిది, తన వేడి తానే పుట్టించుకుంటుంది. కప్పులో కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక ఇంకా వేగంగా ముదురుతుంది. నా మొదటి జత రోజు మార్చి నెల, రేకుల షెడ్డు, లోపల 33 డిగ్రీలు. 400 గ్రాములు ఒకే డబ్బాలో కలిపాను. పావుగంట కాకముందే డబ్బా చేతికి కాలింది, అడుగు ప్లాస్టిక్ ఒంగింది, పొగ లేచింది. మిగిలినది గబగబా పూశాను, గాజు సరిగ్గా తడవలేదు. గుల్మార్గ్‌లో పొడిగా తెల్లగా కనిపించిన పీచు ఆ పావుగంటదే.

దీనికి విరుగుడు రెండు పనులు. కలిపిన వెంటనే వెడల్పాటి స్టీలు ట్రేలోకి వంచండి. పల్చగా పరచుకుంటే వేడి బయటికి పోతుంది, అదే ఎపాక్సీ రెట్టింపు సేపు నిలుస్తుంది. ఒకేసారి అంతా కలపకుండా 150, 200 గ్రాముల విడతలుగా కలపండి. వేసవిలో పొద్దున ఐదింటికి మొదలుపెట్టండి. బెంగళూరులో ఆ వేళకు ఏప్రిల్‌లో కూడా 22, 23 డిగ్రీలుంటుంది, ఆ చల్లదనం మనకు వరం.

వాక్యూమ్ సంచీతో (లోపలి గాలిని పంపుతో లాగేసే సంచీ) నొక్కేవాళ్లకు ఒక మాట. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తు. ఇక్కడ గాలి ఒత్తిడి చెన్నై కంటే పదో వంతు తక్కువ. పంపు ఎంత మంచిదైనా చదరపు సెంటీమీటరుకు 900 గ్రాముల చిల్లర కంటే ఎక్కువ నొక్కుడు రాదు. ఫైర్ హోస్‌లో గాలి నింపి నొక్కే ప్రెస్‌లో అదే మూడు కిలోలు వస్తుంది. సంచీ వాడితే పలచగా ఉండి నిదానంగా ముదిరే రెజిన్ తీసుకోండి, మిగులు బయటికి కారడానికి టైం దొరుకుతుంది. ప్రెస్ వాడితే కాస్త చిక్కనిదైనా నడుస్తుంది.

తూకం దగ్గర పొరపాటు చేయకండి

పాలియెస్టర్‌తో పనిచేసి వచ్చినవాళ్లకు ఒక అలవాటుంటుంది. తొందరగా గట్టిపడాలంటే హార్డెనర్ ఇంకో చుక్క వేస్తారు. పాలియెస్టర్‌లో ఆ చుక్క పాలకు తోడు లాంటిది, కాస్త ఎక్కువైనా తక్కువైనా పెరుగు తోడుకుంటుంది. ఎపాక్సీలో హార్డెనర్ తోడు కాదు, జత. ప్రతి రెజిన్ అణువుకూ లెక్క ప్రకారం ఒక జోడు కావాలి. ఎక్కువేస్తే జోడు దొరకని హార్డెనర్ లోపలే మిగిలి మెత్తబరుస్తుంది, తక్కువైతే రెజిన్ పచ్చిగా ఉండిపోతుంది. తర్వాత ఎంత కాచినా అది పండదు.

కాబట్టి కొలత గ్లాసులు వదిలి తూకం వాడండి. షీటులో బరువు పాళ్లు వేరు, ఘనపరిమాణం పాళ్లు వేరు. బరువులో 100కి 30 ఉన్న జోడీలో రెజిన్ సాంద్రత 1.15, హార్డెనర్‌ది 0.95 అనుకుంటే ఘనపరిమాణంలో అది 100కి 36 అవుతుంది. ఏది చదువుతున్నారో చూసుకోండి. వంటింటి తూకం గ్రాము వరకే చూపిస్తుంది. 200 గ్రాముల రెజిన్‌కు 60 గ్రాముల హార్డెనర్ అయితే ఒక గ్రాము తేడా పెద్ద లెక్క కాదు. అదే పరీక్ష ముక్కకు 20 గ్రాముల రెజిన్‌లో 100కి 10 పాళ్లు కలిపితే హార్డెనర్ రెండే గ్రాములు, ఒక గ్రాము తప్పితే సగం తప్పినట్టు. బంగారం తూచే రకం చిన్న తూకం ఒకటి కొనుక్కోండి.

కలపడం మూడు నిమిషాలకు తగ్గకుండా. కప్పు అడుగు, గోడలు గీకుతూ కలిపి, మొత్తాన్ని రెండో కప్పులోకి వంచి ఇంకో నిమిషం కలపండి. మొదటి కప్పు గోడలకు అంటుకున్న కలవని రెజిన్ అక్కడే ఉండిపోతుంది. తర్వాత దాన్ని గీకి స్కీ మీద వేయకండి.

ఫ్రీజర్ పరీక్ష

స్కీ మొదలుపెట్టకముందు మీ ఎపాక్సీని మీ ఇంట్లోనే పరీక్షించండి. అందుకు ఇంట్లో ఫ్రిజ్ చాలు. డీప్ ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది, మన కొండల చలికి సరిపోయే పరీక్ష.

మీరు వాడబోయే కోర్ కొయ్యే తీసుకుని 30 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందంతో ఆరు బద్దలు కోయండి. పైన ఒకటి, కింద ఒకటి గాజు బట్ట పొర వేసి ఆ ఎపాక్సీతో తడిపి, రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య బిగించండి. స్కీని ఎలా పండించబోతున్నారో వీటినీ అలాగే పండించండి. వారం ఆగండి. మూడింటిని ఒక రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి, మూడు బయటే ఉంచండి.

పొద్దున ఒక్కోటి తీసి వెంటనే వంటగ్యాస్ సిలిండర్ పక్క ఒంపుకు ఆనించి వంచండి, ఆ గుండ్రం సరిపోతుంది. వంచేటప్పుడు చెవి దగ్గర పెట్టుకోండి. పెళుసు ఎపాక్సీ మొదట చిటచిటమంటుంది, తర్వాత గాజులో తెల్లటి గీతలు పడతాయి. ఆ తెల్లదనమే లోపలి పగుళ్లు. చలి ముక్క బయటి ముక్క కంటే ముందే తెల్లబడితే, ఆ ఎపాక్సీ స్కీకి కాదు. మంచిదైతే కొయ్యే ముందు విరుగుతుంది, విరిగిన చోట గాజు కొయ్యను పట్టుకునే ఉంటుంది. విరగనివాటిని సిమెంటు గచ్చు మీద నిలువుగా పదిసార్లు గట్టిగా కొట్టండి, అంచులు విచ్చుకుంటాయేమో చూడండి. స్కీ కొస రాయికి తగిలినప్పుడు జరిగేది అదే.

రెండో పరీక్ష అడుగు షీటుకు. బేస్ అంటే యూహెచ్‌ఎండబ్ల్యూపీఈ అనే చాలా నున్నటి పాలిథీన్, దేనికీ అంటుకోకపోవడమే దాని గుణం. ఏ ఎపాక్సీ కూడా దాన్ని ఊరికే పట్టుకోదు. ఒకవైపు గరుకు చేసి, మంటతో శుద్ధి చేసిన షీటే కొనండి. అనుమానముంటే 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, గ్యాస్ టార్చి నీలి మంటను సెకనుకు ఒక అడుగు చొప్పున, కరగకుండా పైపైన పోనివ్వండి. తర్వాత నీళ్లు చల్లండి. తామరాకు మీద ముత్యాల్లా దొర్లితే ఇంకా కాలేదు. పలచగా పరచుకుని తడిస్తే అయింది. ఆ రోజే అంటించండి, గాలికి వదిలేస్తే ఆ గుణం తగ్గిపోతుంది. ఒక చిన్న పట్టీని గాజు మీద అంటించి, పండాక పట్టకారుతో లాగి ఒలవండి. పట్టీ కింద పీచు కొంత ఊడి వస్తే అంటు బాగుంది. అడుగు నున్నగా మెరుస్తూ విడిపోతే తప్పు ఎపాక్సీది కాదు, షీటు తయారీది. చాలామంది ఇక్కడే ఎపాక్సీని నిందించి ఇంకోటి కొంటారు.

స్టీలు అంచులు కూడా అంతే. గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, మళ్లీ చేత్తో ముట్టుకోకుండా వాడండి. కోర్‌కు టేకు ముక్కలు మిగిలాయని వాడకండి, దానిలోని నూనె అంటును ఆపుతుంది.

తేమ, చలి, చర్మం

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనం. గాలి తడిగా ఉన్నప్పుడు అమీన్ హార్డెనర్ గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి పైన మైనం లాంటి జిడ్డు పొర కడుతుంది. దాని మీద ఇంకో పొర వేస్తే ఊడిపోతుంది. వేడి నీళ్లతో, గరుకు స్పాంజితో కడిగి ఆరనిచ్చి రుద్దితే పోతుంది. అసిటోన్‌తో తుడిస్తే పోదు, పరచుకుంటుంది. స్కీ అన్ని పొరలూ ఒకేసారి తడిమీదే వేస్తాం కాబట్టి ఈ గొడవ తక్కువే. ముందే పూసి ఆరబెట్టిన కోర్ ఉంటే మాత్రం తప్పకుండా కడగండి.

బెంగళూరులో డిసెంబరు రాత్రులు 15 డిగ్రీలకు దిగుతాయి. అప్పుడు రెజిన్ డబ్బా అడుగున తెల్లగా, పేరిన నెయ్యిలా గింజలు కడితే పాడైందని పారేయకండి. మూత వదులు చేసి 55, 60 డిగ్రీల నీళ్లలో గంటా రెండు గంటలు పెట్టండి, మళ్లీ తేటపడుతుంది. పూర్తిగా తేటపడకుండా మాత్రం వాడొద్దు. హార్డెనర్ డబ్బా వాడిన వెంటనే మూత బిగించండి.

చర్మం సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఎపాక్సీ, హార్డెనర్ కొందరికి ఒక్కసారిగా పడకుండా పోతాయి. దద్దుర్లు, వాపు వస్తాయి, ఆ తర్వాత కొద్దిగా తగిలినా తిరగబెడుతుంది, ఆ మనిషి ఇక ఎపాక్సీ పని చేయలేడు. నైట్రైల్ చేతితొడుగులు రెండు పొరలుగా వేసుకోండి, పల్చటి లేటెక్స్‌వి చాలవు. చేతికంటితే అసిటోన్‌తో కడగకండి, అది చర్మంలోకి ఇంకా దిగేలా చేస్తుంది. సబ్బునీళ్లే వాడండి. కిటికీలు తెరిచి, ఫ్యాను గాలిని బయటికి తోలేలా పెట్టండి. కలిపి మిగిలిన ఎపాక్సీని చెత్తబుట్టలో వేయకండి, గచ్చు మీద పల్చగా పోసి గట్టిపడనివ్వండి.

పని రోజు

ఒక జతకు ఎంత కావాలి? 180 సెంటీమీటర్ల స్కీకి కోత మిగులుతో కలిపి ఒక్కో పొర పావు చదరపు మీటరు. జతకు నాలుగు పొరలు, ఒక చదరపు మీటరు. బట్ట 700 గ్రాములది అయితే దాన్ని తడపడానికి దాదాపు అంతే ఎపాక్సీ. కొయ్య పీల్చేది, బేస్‌కూ అంచులకూ రాసేది, బయటికి కారేది కలుపుకుంటే 1,200 నుంచి 1,500 గ్రాములు. పరీక్షలకు కలిపి రెండు కిలోలు కొనండి, మధ్యలో అయిపోతే దారి లేదు.

గాజును ట్రేలోనో పాలిథీన్ పరిచిన బల్ల మీదో తడిపి, ప్లాస్టిక్ గరిటెతో మధ్య నుంచి అంచులకు గీకుతూ పోండి. సరిగ్గా తడిసిన గాజు కనిపించకుండా పోతుంది, కింద బల్ల రంగు తెలుస్తుంది. ఎక్కడ తెల్ల చుక్క కనిపించినా అది పొడి పీచు, అక్కడ ఆగి మళ్లీ రాయండి. ఎక్కువ పోస్తే బలం రాదు, బరువే వస్తుంది.

ప్రెస్‌లో కనీసం 24 గంటలు ఉంచండి. తర్వాత వేడిలో పండించాలి. గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ టీజీ ఆ గది వేడి కంటే పెద్దగా పైకి పోదు. షెడ్డులో 25 డిగ్రీల దగ్గర పట్టినది చెన్నై కారులో మెత్తబడుతుంది. నేను థర్మోకోల్ పలకలతో రెండు మీటర్ల పెట్టె చేసి, పాత రకం 100 వాట్ల బల్బులు నాలుగు పెట్టి, వంట థర్మామీటర్‌తో చూస్తూ 55 నుంచి 60 డిగ్రీలకు తెస్తాను. గంటకు పది డిగ్రీల చొప్పున ఎక్కించి, ఎనిమిది గంటలు ఉంచి, అంత నిదానంగానే దించుతాను. బల్బులు థర్మోకోల్‌కు, స్కీకి తగలకుండా దూరంగా ఉండాలి, పెట్టెను విడిచి వెళ్లకూడదు. స్కీ అచ్చు మీద బిగించే ఉండాలి, లేకపోతే ఒంపు మారుతుంది. ఇంకా వేడి పెంచితే టీజీ ఇంకా పెరుగుతుంది, నిజమే. కానీ పాలిథీన్ బేస్ వేడికి స్టీలు కంటే ఎన్నో రెట్లు వ్యాకోచించి, చల్లారేటప్పుడు అంతే కుంచించుకుని అడుగు పల్లంగా మారుతుంది. ఇంట్లో చేసేదానికి 60 దగ్గర ఆగడమే మంచిదని నా అనుభవం.

ప్రతి విడత కలిపినప్పుడూ ఒక చెంచాడు చిన్న కప్పులో మిగిల్చి, మీద విడత నంబరు, టైం, గది వేడి రాసి స్కీ పక్కనే అదే పెట్టెలో పెట్టండి. ప్రెస్ విప్పేముందు ఆ కప్పులన్నీ చూడండి. గోరుతో నొక్కితే గీత పడకూడదు, గచ్చు మీద వేస్తే ఖణేల్‌మనాలి. ఏ ఒక్క కప్పు జిగటగా ఉన్నా ఆ విడత ఏ పొరలో వేశారో మీ కాగితం చూసుకోండి, ప్రెస్‌ను ఇంకో రోజు అలాగే ఉంచి, పెట్టెను మళ్లీ వెలిగించండి. అప్పటికీ జిగట పోకపోతే తూకం తప్పినట్టే. ఆ స్కీని కొండ మీదకు తీసుకెళ్లకండి.